తెల్లగీతయు దాని యావలి నేలయు



ఇంటి గదిలో బల్ల యంచున బిగించిన స్టీరింగు చక్రము ముందర కూర్చుండి, కాలిక్రింద పెడళ్ళును కన్నులయెదుట తెరయు తప్ప వేరు సాధనమేదియు లేకయే, బెల్జియములోని స్పా అడవుల నడుమనో ఇటలీలోని మోంజా ఉద్యానమునందో గంటకు 250 కిలోమీటర్ల వేగముతో కారు నడపుట, తనతో పోటీపడువారందరు వేర్వేరు దేశములలో వేర్వేరు గదులలో నుండగా వారితో కలిసి ఒకే క్షణమున ఒకే మలుపు తిరుగుట, ఈ కాలమున సాధ్యమై, వింత కూడ కాకుండ పోయినది. దీనిని సిమ్ రేసింగు అందురు. 2020 మార్చిలో మహమ్మారి మూలమున నిజమైన పందెములు నిలిచిపోయినపుడు, అమెరికాలోని నాస్కార్ సంస్థ తన డ్రైవర్లచేతనే ఇట్టి పందెముల నాడించి టెలివిజనులో ప్రసారము చేసినది. ఆ జూనులో లె మాన్ 24 గంటల పందెమునకు తెరమీది ప్రతిరూపము కూడ జరిగినది. అయితే ఈ క్రీడకు ప్రాణము అట్టి పెద్ద ప్రదర్శనలలో లేదు. వారమునకొక రాత్రిని నిర్ణయించుకొని, పందెముల పట్టిక వేసికొని, పాయింట్లు లెక్కించుకొని, తమలోనే కొందరిని తీర్పు చెప్పు స్టీవార్డులుగా నియమించుకొని ఆడుకొను చిన్న చిన్న లీగులలో నున్నది.

ఈ లీగులలో కారును కారు గుద్దుటవలన పుట్టిన తగవు తరచుగా ఒక క్షమాపణముతో ఆ రాత్రియే చల్లారును. బాట యంచుననున్న తెల్లగీతను గూర్చిన తగవు మాత్రము సీజను ముగిసినను తెగదు. వారి వ్యవహారములో దీనికి ట్రాక్ లిమిట్స్ అని పేరు. నేటి ప్రసంగము దానిని గూర్చియు, దానితో విడదీయరాని ట్రాకు రూపరచనను గూర్చియు.

నియమము వినుటకు మిక్కిలి చిన్నది. అంతర్జాతీయ మోటారు సమాఖ్యయగు ఎఫ్.ఐ.ఎ. చెప్పునది ఇంతియే: అంచులను తెలుపు తెల్లగీతలు బాటలోని భాగములే, వాని ప్రక్కనుండు కర్బులు, అనగా ఎరుపు తెలుపు పట్టెలు పూసిన ఆ పలుచని మెట్టలు, బాటలోనివి కావు, కారుయొక్క ఏ భాగమును బాటను తాకకుండ పోయినపుడు డ్రైవరు బాటను విడిచినవాడగును. కావున మూడు టైర్లు గీత దాటిపోయి, నాలుగవది గీతమీద వెండ్రుకవాసి నిలిచియున్నను అతడు నిర్దోషి. అదియు జారెనా, దోషి. ఇంత తేటయైన సూత్రమునుండి ఇంత రగడ పుట్టుటకు హేతువు నీతిశాస్త్రములో లేదు, భౌతికశాస్త్రములో నున్నది.

మలుపులో కారు వేగమును నిర్ణయించునది ఇంజను కాదు. టైరు నేలను పట్టుకొను పట్టును, కారు గీయు వక్రరేఖయొక్క వ్యాసార్ధమును. గాలి క్రిందికి నొక్కు బలమును ప్రక్కన బెట్టి చూచినచో, పట్టు మారనంతకాలము వేగము ఆ వ్యాసార్ధపు వర్గమూలము ననుసరించి పెరుగును. 100 మీటర్ల వ్యాసార్ధముగల వక్రమున 138 కిలోమీటర్ల వేగముతో తిరుగగల కారు, ఆ వ్యాసార్ధము 110 మీటర్లైనచో దాదాపు 145 కిలోమీటర్లతో తిరుగును. మలుపు విడుచుచోట రెండు మీటర్ల నేల ఎక్కువగా వాడుకొన్నవానికి వక్రము విశాలమగును. విశాలమైనకొలది యాక్సిలరేటరును ముందుగా నొక్కవచ్చును. ఆ మలుపు వెనుక పొడవైన తిన్నని బాట యున్నచో, అక్కడ సంపాదించిన అయిదారు కిలోమీటర్ల వేగము ఆ బాట చివరివరకు అతని వెంటవచ్చును. ఇంత లాభము అడుగు దూరమున ఊరక పడియుండగా దానిని ముట్టకుండు డ్రైవరు మంచివాడు కావచ్చును గాని, పందెము గెలువడు. పొరుగు చేనివాడు ఏటేట నాగటిచాలుతో గట్టును వ్రేలెడేసి చెక్కుకొనుచు పోయినట్లు, ప్రతివాడును ప్రతి ల్యాపునందును ఆ హద్దును కొంచెము వెలుపలికి జరిపి చూచును.

ఒకప్పుడు ఈ తగవునకు చోటు లేకుండెను. 1967నాటి గ్రాండ్ ప్రి సీజనును 1998లో కంప్యూటరు తెరమీదికి తెచ్చిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ అను ఆటను ఆడినవారికి ఈ సంగతి వ్రేళ్ళకొనలలో నుండును. ఆనాటి స్పా దాదాపు 14 కిలోమీటర్ల పల్లెబాట. దాని ప్రక్కన నున్నవి ఇండ్లు, స్తంభములు, చెట్లు, పల్లములు. అంచు దాటినవానిని విచారించుటకు స్టీవార్డు అవసరము లేదు. తీర్పును చెట్టే చెప్పెడిది. నిజజీవితమున ఆ తీర్పు ప్రాణాంతకమగుటచేత, తరువాతి దశాబ్దములలో చెట్లు పోయి కంచెలు వచ్చినవి, కంచెలముందు గులకరాళ్ళు పరచిన పడకలు వచ్చినవి, తుదకు ఆ గులకరాళ్ళు కూడ పోయి అనేకస్థలముల విశాలమైన తారునేల వచ్చినది. గులకరాళ్ళలో కారు చిక్కుకొనును, ఒక్కొక్కసారి పల్టీ కొట్టును. తారుమీద బ్రేకు పట్టును. క్షేమము కోరినవారు తారును కోరుట న్యాయమే. మోంజాలోని పారాబోలికా మలుపు ప్రక్కన తరతరములుగా నున్న గులకరాళ్ళను 2014లో చాలవరకు తొలగించి తారు వేసినపుడు పాతకాలపు అభిమానులు వాపోయిరి. వారి విలాపములో భావుకత కొంత యున్నను, సత్యము కూడ లేకపోలేదు: నాటినుండి ఆ మలుపున పొరపాటునకు వెల తగ్గినది.

ఆ తారునేల తెచ్చిన చిక్కు 2021 మార్చి 28వ తేదీన బహ్రెయినులో జరిగిన ఫార్ములా వన్ పందెమున లోకమంతయు చూచినది. అక్కడ నాలుగవ మలుపు బయట గీత దాటినచో ప్రాక్టీసులోను క్వాలిఫైయింగులోను ల్యాపు కాలము రద్దగుచుండెను. పందెములో మాత్రము ఆ లెక్క చూడబోమని ముందుగా చెప్పిరి. డ్రైవరు హామిల్టన్ ఆ వెసులుబాటును ల్యాపు వెంబడి ల్యాపు వాడుకొనెను. పందెము నడుమ ఇక చాలునని సందేశము వచ్చెను. చివరి ల్యాపులలో అతని ప్రత్యర్థి వెర్‌స్టాపెన్ అదేచోట గీత బయటినుండి అతనిని దాటగా, బయటనుండి దాటుట కూడదని స్థానమును తిరిగి ఇప్పించిరి. పరుగెత్తుటకు తప్పు కాని నేల దాటుటకు తప్పైనది! చట్టమును చదివినవారికి అందులో అసంగతము లేదు, చూచుచున్న సామాన్యునికి తల తిరిగినది. మరి రెండేండ్లకు ఆస్ట్రియాలో నియమమును ఒక్కటిగా చేసి అక్షరాల అమలు పరచిరి. అప్పుడు 71 ల్యాపుల ఒక్క పందెమున గీత దాటినట్లు అనుమానింపదగిన సందర్భములు 1200కు మించినవి; అన్నిటిని పందెము నడుచుచుండగా పరిశీలింపలేక, ఆస్టన్ మార్టిన్ జట్టు ఆక్షేపణ తెలిపిన పిమ్మట, ఎనమండుగురు డ్రైవర్లకు పందెమైన కొన్ని గంటలకు శిక్షలు వేసిరి. ఎవరు ఎన్నవవాడో తెలియక ప్రేక్షకులు ఇండ్లకు పోయిరి. 2024లో అదే ట్రాకున తొమ్మిదవ, పదవ మలుపులు విడుచుచోట, కర్బునకు వెనువెంటనే, గులకరాళ్ళ పట్టీ యొకటి పరచిరి. ఆ రెండు మలుపులవద్ద తగవు దాదాపుగా మాయమైనది. కొన్ని బండ్ల రాయి చేసిన పనిని అన్ని కెమెరాలును అంతమంది అధికారులును చేయలేకపోయిరి.

ఇక తెరమీది ట్రాకునకు వత్తము. పాపిరస్ అను సంస్థలో గ్రాండ్ ప్రి లెజెండ్స్‌ను నిర్మించిన డేవ్ కేమర్, తరువాత జాన్ హెన్రీతో కలిసి స్థాపించిన ఐరేసింగు 2008లో జనులకు అందుబాటులోనికి వచ్చినది. ట్రాకులను లేజరు కిరణములతో కొలిచి, తారులోని మిట్టపల్లములను కర్బుల యెత్తును మిల్లీమీటర్ల వరకు యథాతథముగా దింపుట దాని ప్రతిజ్ఞ. యథాతథముగా దింపినపుడు గుణముతోపాటు దోషమును దిగును గదా! వాస్తవమున తారు పరచి పెట్టిన తగవంతయు కొలత తప్పకుండ తెరమీదికి వచ్చి కూర్చున్నది. రాని దొక్కటియే: భయము. 2019 సెప్టెంబరులో మోంజాలో ఫార్ములా త్రీ కుఱ్ఱవాడు అలెక్స్ పెరోనీ పారాబోలికా బయట అమర్చిన ఎత్తైన సాసేజ్ కర్బు మీది కెక్కగా, కారు గాలిలో పల్టీలు కొట్టి కంచెపై బడినది. అతని వెన్నుపూస విరిగినది. అట్టి కర్బును తెరమీద ఎక్కినవానికి చేతిలోని చక్రము ఒక్కసారి అదరును, అంతే. మరుక్షణమున మీట నొక్కి పిట్ లోనికి పోవచ్చును. కావున నిజమైన డ్రైవరు తొమ్మిది పాళ్ళు తెగించుచోట సిమ్ డ్రైవరు పదునొకండు పాళ్ళు తెగించును. అతడు ధైర్యవంతుడని కాదు.

ఇక్కడ న్యాయాధిపతి యంత్రము. అది తీర్పు చెప్పు విధమును కొంచెము దగ్గరగా చూతము. ఇటలీవారి కూనోస్ సంస్థ 2014లో విడుదల చేసిన అసెట్టో కోర్సాలో ప్రతి ట్రాకుతోపాటు నేలల పట్టిక యొకటి మామూలు టెక్స్టు ఫైలుగా నుండును. తారు, కర్బు, పచ్చిక, ఇసుక మున్నగు ఒక్కొక్క నేలకు ఒక పేరు, దాని పట్టెంతయో తెలుపు ఒక సంఖ్య, ఆపైన ఇది చెల్లుబాటగు బాటయా కాదా యను ప్రశ్నకు జవాబుగా ఒకటియో సున్నయో అందు వ్రాసియుండును. ఆ ఒక్క అంకెను మార్చినంతనే నిన్న అపరాధస్థలమైన కర్బు నేడు రాజమార్గమగును. పందెమును నడపు సర్వరు అమరికలలో ఎన్ని టైర్లు బయట నుండవచ్చునో చెప్పు అంకె వేరొకటి కలదు, అందు రెండని యున్నచో మూడవ టైరు దాటుటతోనే ల్యాపు చెల్లదు, అనగా ఎఫ్.ఐ.ఎ. కంటె ఆ యంత్రము కఠినతరము. ఈ రెండంకెలను తెరచి చూడకయే, ఎఫ్.ఐ.ఎ. నియమములు వర్తించునని పత్రములో వ్రాసి, మొదటి పందెము రాత్రియే మాటామాటా పెంచుకొను లీగులు తక్కువ కావు.

ఐరేసింగు పద్ధతి వేరు. నాలుగు చక్రములును దాటినచో ఒక ఇన్సిడెంటు పాయింటు, కారు అదుపు తప్పి తిరిగినచో రెండు, వేరొక కారును గట్టిగా తాకినచో నాలుగు. గీత దాటుటవలన కాలము కలిసివచ్చినదని యంత్రమునకు తోచినచో, స్లో డౌన్ అని తెరపై వ్రాసి, కొట్టేసిన కాలమును మరల చెల్లించువరకు వేగము తగ్గింపుమనును, వినకున్నచో శిక్షను తెలుపు నల్లజెండా. చూచుటకు ఇది చక్కని ఏర్పాటు. అయితే యంత్రమునకు స్థలము తెలియును గాని కారణము తెలియదు. ప్రక్కవాడు నెట్టగా గీత దాటినవానికిని, అత్యాశతో దాటినవానికిని, ముందర అడ్డముగ తిరిగిన కారును తప్పించుటకై దాటినవానికిని ఒకటే పాయింటు. దానికంటె సూక్ష్మమైన దోషము మరియొకటి కలదు. ఇన్ని పాయింట్లకు మించినచో పందెమునుండి తొలగింతుమని పరిమితి పెట్టుదురు. 17 అనునది ఈ క్రీడవారికి చాలకాలముగా పరిచితమైన సంఖ్య. అట్టి పరిమితి పెట్టిననాడు అపరాధము అపరాధముగా నుండక ఖర్చుగా మారును. ఆరు ల్యాపులు మిగిలియుండగా తన ఖాతాలో ఇంకను ఎనిమిది పాయింట్లున్నవని చూచుకొన్న డ్రైవరు, వానిని ఇంటికి కొనిపోయి చేయునదేమున్నది? ల్యాపునకొకటి చొప్పున, తనకు మిక్కిలి లాభించు మలుపునందు, వెచ్చించును. అతనిని తప్పుపట్టుట కష్టము. ధర వ్రాసి సంతలో పెట్టినది లీగే.

కాబట్టి నా యభిప్రాయమున, లీగు నిర్వాహకులు నియమావళికి పెట్టు శ్రద్ధలో సగమైనను ట్రాకును ఎంచుకొనుటయందు పెట్టవలెను. ఏ మలుపున గీత దాటినవాడు తనంత తానే కాలము పోగొట్టుకొనునో, ఆ మలుపునకు నియమ మక్కరలేదు. హాలండులోని జాన్ హుగెన్‌హోల్ట్స్ రూపకల్పనలో 1962లో వెలసిన జపానులోని సుజుకాను చూడుడు: ఎనిమిది అంకె ఆకారమున తనను తానే దాటుకొను ఆ బాటలో, డెగ్నర్ మలుపులు విడుచుచోట కొంచెము అత్యాశపడినవాడు గులకరాళ్ళలో దిగును; సిమ్యులేటరులో కూడ ఆ గులకరాళ్ళు కారును పట్టియుంచును. అక్కడ స్టీవార్డుకు తీరిక. అదే, బహ్రెయినువంటి ఎడారిలో వెలసిన నవీన ట్రాకులందు మైదానమంతయు తారే. గీతను పెయింటు డబ్బాతో ఎక్కడనైన గీయవచ్చును. 2020 డిసెంబరులో అదే బహ్రెయినులో లోపలి మలుపులను వదలి 3.543 కిలోమీటర్ల బయటి చుట్టుతో పందెము పెట్టగా, ఒక్కొక్క ల్యాపు క్వాలిఫైయింగులో నిమిషము కూడ పట్టలేదు. అట్టి పొట్టి చుట్టును ముప్పది కార్ల లీగునకు ఎంచుకొన్నచో, పది ల్యాపులు తిరుగకమునుపే ముందువారు వెనుకవారి తోక పట్టుకొందురు. వెనుకబడినవానిని దారి యిమ్మని చెప్పు నీలిజెండాల నడుమ ఎవరెందుకు గీత దాటిరో బ్రహ్మకు కూడ తెలియదు.

అయితే గోడలున్న ట్రాకు మేలా? వీథులలో నడచు పందెమున గీత తగవే యుండదు. గీత ఉండవలసినచోట కాంక్రీటు నిలిచియుండును. మన హైదరాబాదు కూడ ఒకసారి అట్టి ట్రాకైనది. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్ సాగరు ఒడ్డున, 18 మలుపులతో 2.83 కిలోమీటర్ల చుట్టున, భారతదేశములో మొదటి ఫార్ములా ఈ పందెము జరిగినది. జాన్ ఎరిక్ వేర్న్య గెలిచెను. నిత్యము బస్సులును ఆటోలును తిరుగు ఆ దారి అంచులలో దిమ్మెలు పేర్చగా, గీత మీరుటకు ఎవరికిని అవకాశము లేకపోయినది. కాని హెయిర్‌పిన్ మలుపు వద్ద జాగ్వార్ జట్టు కార్లు రెండును ఒకదానినొకటి తాకి పందెము పోగొట్టుకొన్నవి. గోడలు అత్యాశను మాన్పవు. దానిని ప్రక్కవాని తలుపు మీదికి మళ్ళించును. అనుభవము చాలని లీగు మొదటి వారమే మొనాకోను పట్టికలో వేసికొన్నచో, మొదటి ల్యాపుననే ఒకడు అడ్డము తిరిగి బాట మూసివేయుటయు, తక్కినవారు వాని వెనుక వరుసగా నిలిచిపోవుటయు చూడవచ్చును. నేర్పరులకు మాత్రమే గోడలు హితము.

నియమము వ్రాయక తప్పనిచోట ఎట్లు వ్రాయవలెను? అన్ని మలుపులకు ఒకే విధముగా వ్రాయుటకంటె, ఈ ట్రాకున ఈ మూడు మలుపులయందు మాత్రమే చూతుమని పందెమునకు ముందే చిత్రముతో సహా తెలుపుట మేలు. ప్రాక్టీసునకొకటి, పందెమునకొకటి కాకుండ ఆద్యంతము ఒకే గీత నుండవలెను. బహ్రెయిను నేర్పిన పాఠము దానికి చాలును. గీత దాటి శాశ్వతమైన లాభము పొందినచో శిక్ష యను ప్రసిద్ధ నియమవాక్యమును వాడువారు, ఆ శాశ్వతత్వము ఎన్ని మలుపులవరకో చెప్పకున్నచో రీప్లే ముందు కూర్చున్న స్టీవార్డు గతి హాస్యాస్పదమగును. 1996 సెప్టెంబరులో లగూనా సెకాలో, దాదాపు 18 మీటర్ల లోతునకు తటాలున దిగు కార్క్‌స్క్రూ మలుపున, చివరి ల్యాపులో అలెక్స్ జనార్డీ కర్బును దాటి మట్టిలోనికి దూకి బ్రయన్ హెర్టాను మించి పోయెను. అది నేటికిని మోటారు పందెముల చరిత్రలో మకుటాయమానమైన సాహసముగా పొగడబడుచున్నది. అదే పనిని ఈ వారము ఒక లీగులో ఎవడైన చేసినచో, ఐదు సెకండ్ల శిక్షయు, మూడు పుటల వాదోపవాదమును ప్రాప్తించును. రెండును న్యాయమే కావచ్చును; జనార్డీకి దొరకినది ఒకే యవకాశము, తెరమీదివానికి ఆ యవకాశము రాత్రికొకటి.

ఇట్లు నియమము వ్రాయవలసిన చోట్లన్నిటికంటె చిక్కైనది మోంజా మొదటి చికేన్, అనగా వేగము తగ్గించుటకై వెంటవెంట కూర్చిన మెలికలు. తిన్నని బాటపై 300 కిలోమీటర్లకు మించి వచ్చిన కార్లు అక్కడ మిక్కిలి తక్కువ వేగమునకు తగ్గవలెను. మొదటి ల్యాపున అందరును ఒక్కుమ్మడిగా వచ్చినపుడు నలుగురైదుగురు ఆగలేక తిన్నగా తప్పించుబాటలోనికి పోవుదురు. నిజమైన మోంజాలో ఆ తప్పించుబాట నడుమ తేలికైన దిమ్మెలను వంకరటింకరగా నిలిపి యుంతురు. వాని నడుమ మెలికలు తిరిగి వచ్చుసరికి లాభమంతయు కరగిపోవును. ఆ దిమ్మెలు లేనిచోట, వానివలెనే పనిచేయు నియమము నొకటి లీగే వ్రాసికొనవలెను: బ్రేకు వేయు గురుతు వద్ద తన ముందు ఎవరుండిరో, తప్పించుబాటనుండి తిరిగి వచ్చినవాడు వారందరి వెనుకనే బాటలో చేరవలెను, ప్రక్కవాడు నెట్టినందున పోయెనా, ఫిర్యాదు మరునాటి స్టీవార్డులకు, స్థానము మాత్రము ఆ క్షణముననే విడువవలెను. ఇట్లు వ్రాసినపుడు నిర్దోషియైనవానికి ఒక్కొక్కసారి రెండు స్థానములు నష్టమగును. ఆ నష్టమును పాయింట్ల రూపమున మరునాడు సరిచేయవచ్చును. చికేన్ వెలుపలినుండి ఒకేసారి అయిదు కార్లు ప్రధానబాటపైకి దూకినప్పటి గందరగోళమును సరిచేయు విధానము ఏ లీగునకును ఇంతవరకు చిక్కలేదు.